పద్నాలుగో నిమిషం

మార్చి 4

మా ఇంటి ఆడపడుచుకి,

వదిన దీవెనలు. ఆ దీవి మీద నువ్వూ, నువ్వు ఎగరేసే బుడగలూ, వాన కొలిచే గొట్టమూ అంతా క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. మీ అన్నయ్యకి ఒకటే దగ్గు. అది కూడా నేను పని చెప్పినప్పుడే వస్తోంది.

నేను ఉత్తరం రాస్తుంటే ఆయన నవ్వారు. "ఈ రోజుల్లో ఉత్తరాలేంటి" అన్నారు. "మీ చెల్లెలి వాతావరణ ఆఫీసులో ఇంటర్నెట్టు ఉంది గానీ అందులో వాన లెక్కలు తప్ప ఇంకేమీ దూరవు. పదిహేను రోజులకోసారి వచ్చే పడవే గతి" అన్నాను. తోడబుట్టినవాడు తెలుసుకోవలసిన సంగతి నేను చెప్పాల్సి వచ్చింది.

సరే, అసలు విషయానికి వస్తాను. నా కుడి మణికట్టు సంగతి నీకు తెలుసు. డాక్టరమ్మ మళ్ళీ చూసి, "ముప్పై ఏళ్ళు స్క్రూడ్రైవరు తిప్పారు. ఇంకో రెండేళ్ళు తిప్పగలరు. ఆ తర్వాత దాని ఇష్టం" అంది. కుట్టు మిషన్లు బాగుచేసేవాళ్ళలో ఈ చుట్టుపక్కల నేనొక్కదాన్నే మిగిలాను. మిషనుకు వచ్చే రోగాలు డెబ్బై మూడు. మీ నాన్నగారికి అవన్నీ కంఠతా వచ్చేవి, ఆయన నేర్పితే నాకు వచ్చాయి, నా తర్వాత ఎవరికీ రావు. ఈ ఆలోచన వచ్చిన దగ్గర్నుంచి నాకు తిండి సయించడం లేదు. ఒక్కరు, ఒకే ఒక్కరు నేర్చుకుంటే చాలు.

కొట్టు ముందు 'పని నేర్పబడును' అని బోర్డు పెట్టి ఆరు నెలలైంది. ఇద్దరు వచ్చారు. ఒకరు దారి అడగడానికి, ఇంకొకరు ఆ బోర్డు ఎక్కడ రాయించారో అడగడానికి. అందుకని వీడియోలు మొదలుపెట్టాను. రోగానికి ఒక వీడియో. నేను చేస్తూ చెబుతాను, మీ అన్నయ్య ఫోను పట్టుకుంటారు. సగం వీడియోల్లో నా చేతులకంటే ఆయన బొటనవేలే బాగా కనిపిస్తుంది. ఒక్కొక్కటీ ఇరవై నిమిషాలు. రోగం పేరు, రోగం పుట్టుక, దుమ్ము దులపడం, నూనె వేయడం, ఇవన్నీ అయ్యాక పద్నాలుగో నిమిషంలో అసలు కిటుకు వస్తుంది. దుమ్ము దులపకుండా కిటుకు చెబితే అది విద్య కాదు, దొంగతనం.

ఇప్పటికి నలభై ఒక్క వీడియోలయ్యాయి. చూసేవాళ్ళు పదకొండు మంది. అందులో ఎనిమిది మంది బంధువులు, ఇద్దరు మీ అన్నయ్యే, ఆయనకు రెండు ఫోన్లున్నాయి కదా. మిగిలిన ఆ ఒక్కరూ ఎవరో, పాపం దారి తప్పి వచ్చి ఉంటారు.

పక్క కొట్లో ఫోటోలు తీసే ఆయన్ని అడిగితే, "పెట్టగానే సరిపోదండీ, అల్గారిథం దాన్ని జనానికి చూపించాలి" అన్నాడు. అదెవరని అడిగాను. మనిషి కాదట, లెక్కట. ఎవరేం చూస్తున్నారో, ఎంతసేపు చూస్తున్నారో కనిపెట్టి, అలాంటివాళ్ళకు అలాంటివే చూపిస్తుందట. ఇంత పెద్ద పెత్తనం ఒక లెక్క చేతిలో ఎవరు పెట్టారో మరి. నువ్వు లెక్కల మనిషివి కదా, దాన్ని ఎలా మంచి చేసుకోవాలో రాయి.

నీ వదిన


మార్చి 19

వదినమ్మకి,

సముద్రం మధ్యనుంచి నమస్కారాలు. నీ ఉత్తరాన్ని మేం నలుగురం చదువుకున్నాం. ఇక్కడ పడవ వచ్చిన రోజు ఎవరి ఉత్తరమైనా అందరిదీ, ఏమీ అనుకోకు. మా ఆఫీసు పెద్దాయన అన్నయ్య బొటనవేలి దగ్గర రెండుసార్లు నవ్వారు. ఆయన నవ్వడం నేను చూడటం ఇదే మొదలు.

నీ అదృష్టం బాగుంది. మా వంటాయన అల్లుడు వీడియోల మనిషేనట. వంటాయన కూర కలుపుతూ, గరిటె ఊపుతూ నాకు మొత్తం పాఠం చెప్పాడు. వీడియో మీద కనిపించే బొమ్మే ప్రాణమట. అందులో నీ ముఖం ఉండాలి, నోరు బాగా తెరిచి, ఏదో ఘోరం చూసినట్టు కళ్ళు పెద్దవి చేసి ఉండాలి. పేరు చదవగానే భయం పుట్టాలి. 'మిషను శుభ్రపరచు విధానము, ఏడవ భాగము' అని పెడితే ఎవరొస్తారు వదినా, నేనే రాను. ఇంకో మాట, బంధువులు ఊరికే తెరిచి మూసేస్తే లాభం లేదట. మొదటినుంచి చివరిదాకా నడవనివ్వాలి. అప్పుడు ఆ లెక్క, 'ఓహో, ఇందులో ఏదో ఉంది' అనుకుని పదిమందికీ చూపిస్తుందట.

నేను నీ వీడియో ఒక్కటి కూడా చూడలేదు, చూసే దారీ లేదు. అయినా ఇంత ధైర్యంగా చెబుతున్నాను. గట్టున కూర్చున్నవాళ్ళు ఎన్ని కబుర్లయినా చెబుతారు.

ఇక్కడ గాలి తెలుసుకోవడానికి గుడ్డ సంచీ ఒకటి కడతాం. అది చిరిగితే పెద్దాయన చొక్కా చేతిని కట్టాం. వారం రోజులుగా గాలి ఎటు వీస్తోందో ఆయన చొక్కాయే చెబుతోంది. అన్నయ్యకి నేను దగ్గు మందు పంపనా, నువ్వు పని తగ్గిస్తావా?

నీ ఆడపడుచు


ఏప్రిల్ 8

మా ఇంటి ఆడపడుచుకి,

నీ సలహా అక్షరం పొల్లు పోకుండా పాటించాను. దాని ఫలితం విను.

సూది విరిగి ముక్క లోపల ఇరుక్కుంటే ఎలా తీయాలో చెప్పే వీడియో ఉంది కదా, నలభై నాలుగోది. దానికి నోరు తెరిచి ఫోటో దిగాను. మీ అన్నయ్య "ఇంకా తెరువు, ఇంకా" అంటూ దవడ నొప్పి పుట్టించారు. చేతిలో పట్టకారు ఉంది. అది లేకపోతే నేను నాలా కనిపించను. పేరేమో, 'లోపల విరిగిన ముక్క పీకకపోతే ఏమవుతుందో తెలుసా' అని పెట్టాం. భయం పుట్టాలన్నావు కదా.

పుట్టింది. నాలుగు రోజుల్లో ఆరు వందల మంది వచ్చారు. వాళ్ళందరికీ పంటి నొప్పి. నోరు, పట్టకారు, విరిగిన ముక్క, ఇవి చూసి ఆ అల్గారిథం నన్ను పళ్ళ డాక్టరు అనుకుంది. "మత్తు ఇస్తారా అండీ" అని ఒకరు, "జ్ఞానదంతానికి కూడా ఇదే పట్టకారా" అని ఇంకొకరు అడిగారు. ఒకాయన బుగ్గ వాచిపోయి, తలకు తువ్వాలు కట్టుకుని ఏకంగా కొట్టుకే వచ్చేశాడు. బయట బోర్డు మీద కుట్టు మిషను బొమ్మ ఉంది. అయినా నొప్పి మీద ఉన్న మనిషి బొమ్మలు చూస్తాడా? నేను లోపలినుంచి వచ్చేసరికి మీ అన్నయ్య ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, నోట్లోకి టార్చిలైటు వేసి, "కింది వరసలో రెండోది పుచ్చింది" అంటున్నారు. నేను రావడం ఇంకాస్త ఆలస్యమైతే ఏం చేసేవారో తలచుకుంటే భయం వేస్తోంది.

మంచి కబురు కూడా ఒకటుంది. బంధువులు చివరిదాకా చూడాలన్నావని అందరికీ చెప్పాను. ఎవరు చూసినా చూడకపోయినా మీ మేనత్త మాత్రం రోజూ మధ్యాహ్నం వరసగా నాలుగైదు, చివరిదాకా నడిపిస్తోందట. తన ఇద్దరు కూతుళ్ళకూ పంపిందట. వాళ్ళేమో చంటిపిల్లలతో క్షణం తీరికలేని మనుషులు, అయినా వదలకుండా పెడుతున్నారు. వాళ్ళు వాళ్ళ స్నేహితురాళ్ళకు చెప్పారట. మీ మేనత్తకు పని మీద ఇంత శ్రద్ధ ఉందని ఇన్నాళ్ళూ నాకు తెలీదు. ఆవిణ్ణి గురించి నేను నీతో అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

నీ వదిన


ఏప్రిల్ 24

వదినమ్మకి,

పంటి సంగతి చదివి వంటాయన గరిటె కింద పెట్టి నవ్వాడు. ఆ రోజు కూర మాడింది. పట్టకారు వదిలెయ్, నోరు మూసెయ్. నోరు ముయ్యమని వదినతో అనే అవకాశం ఆడపడుచుకి రోజూ రాదు కాబట్టి ఇంకోసారి రాస్తున్నాను: నోరు మూసెయ్.

మేనత్త సంగతే నాకు మింగుడు పడటం లేదు. సూదిలో దారం ఎక్కించమంటే నన్ను కేకేసే మనిషి ఆవిడ. పోనీలే, వయసుతో బుద్ధి మారిందనుకుందాం. మారని బుద్ధి ఏమిటో నాకు తెలుసు గానీ రాస్తే ఆవిడ చదువుతుంది. ఉత్తరాలు అందరివీ అనే జబ్బు మన ఇంట్లో కూడా ఉంది.

వచ్చే నెలాఖరున గాలి వేగం కొలిచే యంత్రం రిపేరుకని నన్ను రెండు రోజులు ఒడ్డుకి పంపుతామన్నారు. అక్కడ నీ వీడియోలు చూస్తాను. పెద్ద తెర మీద చూస్తాను. అప్పుడు అసలైన సలహాలు ఇస్తాను.

నీ ఆడపడుచు


మే 25

మా ఇంటి ఆడపడుచుకి,

కూర్చుని చదువు. నిలబడి చదివితే పడిపోతావు.

ముప్పై ఎనిమిది వేలమంది. ఒక్క నెలలో. నోరు మూసుకుని, పట్టకారు లేకుండా, మామూలుగా పెట్టిన వీడియోలే. నూనె వేయడం గురించి పెట్టినదాన్ని ఒక్కదాన్నే పదకొండు వేలమంది చూశారు. ప్రపంచంలో ఇంతమందికి మిషను నూనె మీద మనసుందని మీ నాన్నగారికి తెలిస్తే ఎంత సంతోషించేవారో. నేను నిన్న వంటింట్లో నిలబడి ఊరికే ఏడ్చాను. సంతోషంతోనే.

మీ అన్నయ్య నన్ను మేడమ్ అంటున్నారు. మొదట వేళాకోళమనుకున్నాను, కాదట. కామెంట్లన్నీ ఆయనే చదివి వినిపిస్తారు. నా కళ్ళద్దాలు స్క్రూలు చూడటానికే సరిపోతున్నాయి, ఫోనులో చీమతలలంత అక్షరాలు నావల్ల కాదు. "మీరు చెప్పే తీరు అద్భుతం" అని రాశారట. "మీ వల్ల నా జీవితం మారిపోయింది" అని కూడా రాశారట. మాటలతోపాటు చందమామ బొమ్మలు పెడతారు. అవి మాత్రం నాకూ కనబడ్డాయి. ఎందుకో తెలీదు గానీ ముచ్చటగా ఉన్నాయి.

ఇంతమంది విద్యార్థులు చేరాక బాధ్యత పెరిగింది. అందుకని పరీక్ష పెట్టాను. ప్రతి వీడియోలో పద్నాలుగో నిమిషం దగ్గర ఒక ప్రశ్న అడుగుతున్నాను. కుట్లు తప్పుతుంటే మొదట సూదిని చూస్తావా, కిందనుంచి సూది దారాన్ని అందుకునే షటిల్‌ని చూస్తావా, అలాంటివి. మూడు వారాలైంది. ముప్పై ఎనిమిది వేలమందిలో ఒక్కరు కూడా జవాబు రాయలేదు. బహుశా వినయం. ముందు నువ్వంటే ముందు నువ్వని ఆగిపోతున్నారేమో. ఈసారి కాస్త తేలికైన ప్రశ్న అడుగుతాను.

వీళ్ళలో ఒక్కరు చాలన్నాను కదా. ఇప్పుడు ఆశ పెరిగి, ఒక పదిమందైనా తేలతారని ఎదురుచూస్తున్నాను. మనిషి ఆశకు అంతుందా.

నీ వదిన


జూన్ 1

వదినమ్మకి,

నీ తాజా ఉత్తరం ఇంకా అందలేదు. నేను ఒడ్డున లాడ్జిలో కూర్చుని రాస్తున్నాను. అన్న మాట ప్రకారం నీ వీడియోలు పెట్టాను.

నిజం చెబుతున్నాను, ఇంత మంచి వీడియో నేను జన్మలో చూడలేదు. మధ్యాహ్నం మూడింటికి పెట్టాను. నువ్వు కుంచెతో దుమ్ము దులుపుతూ, "తొందరపడకండి, దూది మెల్లగా వస్తుంది" అన్నావు. అదే నాకు గుర్తున్న ఆఖరి మాట. లేచేసరికి మర్నాడు ఉదయం ఏడు. బూట్లు కూడా విప్పలేదు. ఆ దీవి మీద గాలి హోరులో సరిగ్గా నిద్రపోయి ఏడాదైంది వదినా. మళ్ళీ పెట్టాను, మళ్ళీ నాలుగో నిమిషం దాటలేదు. రిపేరు షాపు వాళ్ళు ఫోను చేసి చేసి విసిగిపోయారట.

కింద కామెంట్లు చదువుతుంటే నవ్వాగలేదు. నువ్వూ చదువుకుని నవ్వుకునే ఉంటావు. "నిద్రమాత్రలు మానేశాను, మీ వల్ల నా జీవితం మారిపోయింది" అని ఒకావిడ. "మీరు చెప్పే తీరు అద్భుతం, బాబిను అనే మాట రాకముందే కళ్ళు మూతలు పడతాయి" అని ఇంకొకాయన. మేనత్తకి ఫోను చేస్తే గుట్టంతా బయటపడింది. మనవడు గుండుగాడు నీ గొంతు వింటే తప్ప పడుకోడట. ఒకసారి నీ వీడియో అయిపోయి ఇంకొకరిది వస్తే గుక్కపట్టి ఏడ్చాడట. కూతుళ్ళ ఇళ్ళలో పిల్లలదీ అదే వరస. ఫోను మంచం మీద పెట్టి, చివరిదాకా నడవనిచ్చి, ఆవిడ పని ఆవిడ చేసుకుంటోంది. ఇదంతా చూసి ఆ అల్గారిథం, 'ఇవి నిద్రపోయేవాళ్ళు చూసే వీడియోలు' అని తేల్చుకుని, లోకంలో నిద్ర పట్టనివాళ్ళందరికీ నిన్ను చూపిస్తోంది.

నువ్వు జోలపాటల రాణివైపోయావు. దీవికి వెళ్ళగానే అందరికీ చెబుతాను.

నీ ఆడపడుచు


జూన్ 18

శ్రీమతి ఆడపడుచు గారికి,

మీ ఉత్తరం అందింది. మీరు హాయిగా నిద్రపోయినందుకు సంతోషం.

నేను కామెంట్లు చదవలేదు. మీ అన్నగారు చదివి వినిపించారు. సగం వాక్యం చదివి సగం మింగారు. మీ ఉత్తరం రాగానే కళ్ళద్దాలు పెట్టుకుని, రెండు వేల పైచిలుకు కామెంట్లు నేనే చదివాను. "ఎందుకు దాచారు" అని అడిగితే, "నువ్వు వంటింట్లో సంతోషంతో ఏడ్చావు కదే, ఎలా చెప్పను" అన్నారు. ఆ తర్వాత నాలుగు రోజులు వంట ఆయనే చేసుకున్నారు.

ముప్పై ఎనిమిది వేలమంది విద్యార్థులనుకున్నాను. ఒక్కరూ మెలకువగా లేరు. మీ నాన్నగారు నాకిచ్చిన విద్యను చెబుతుంటే జనం గుర్రుపెడుతున్నారు. అందులో ఆయన కన్నకూతురు కూడా ఉంది, బూట్లతో సహా.

ఊరుకోవడం నావల్ల కాలేదు. ఆ మర్నాడు పెట్టిన వీడియోలో సరిగ్గా నాలుగో నిమిషం దగ్గర ఇనుప పలక మీద సుత్తితో కొట్టి, "లేవండి, ఇప్పుడే మొదలైంది" అని అరిచాను. ఎనిమిదో నిమిషంలో ఒకసారి, పన్నెండో నిమిషంలో రెండుసార్లు. ఒకాయన మంచం మీదనుంచి పడ్డాడట. ఒకావిడ, ఇంట్లో దొంగలు పడ్డారనుకుని చీపురు పట్టుకుని ఇల్లంతా తిరిగిందట. నమ్మకద్రోహి అని నన్ను తిట్టారు. నూనె వేసేదాన్ని నేను, నమ్మకం ఎప్పుడిచ్చానో నాకు తెలీదు.

జనం మధ్యలోనే మూసేస్తున్నారని అల్గారిథం కనిపెట్టింది. వారం రోజుల్లో ముప్పై ఎనిమిది వేలు కాస్తా తొమ్మిది వందలైంది. నిన్న అరవై. మనిషైతే కాళ్ళు పట్టుకోవచ్చు, కేకలేయొచ్చు, ఇంటికి వెళ్ళి కూర్చోవచ్చు. లెక్క దగ్గరికి ఎక్కడికని వెళతాం? నేను ఏమిటో అది ఎప్పుడూ అడగలేదు. ఒకసారి పళ్ళ డాక్టరంది, ఒకసారి జోలపాటంది, ఇప్పుడు ఏమీ కాదంది.

అరవై ఒక్క రోగాలు చెప్పాను, పన్నెండు మిగిలాయి. మణికట్టు ఒకటే సలుపుతోంది. ఈ నెలాఖరుతో ఆపేస్తున్నాను. ఎవరికీ అక్కర్లేని దాన్ని పట్టుకుని వేలాడటం నా పొరపాటు.

ఇట్లు,
మీ అన్నగారి భార్య


జూలై 4

వదినా,

నన్ను మీరు అన్నావు. ఆ ఒక్క మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఉత్తరం ఎవరికీ చూపించలేదు. వంటాయన, "ఏంటమ్మా, వదినగారు బాగున్నారా" అంటే కడుపునొప్పని చెప్పి బయటికి పోయాను.

నేను నోటికొచ్చినట్టు రాశాను. నీకు ముందే తెలుసనుకున్నాను, తెలిసినా ఆ నవ్వు తప్పే. తెలిసీ తెలియక సలహాలిచ్చి నిన్ను పళ్ళ డాక్టరును చేసిందీ నేనే. చివరిదాకా నడిపించమని మేనత్తకి దారి చూపించిందీ నేనే. తిట్టాలనుకుంటే నువ్వు అని తిట్టు, పడతాను.

ఒక సంగతి మాత్రం చెప్పాలి. నేను విసుగుపుట్టి నిద్రపోలేదు. చిన్నప్పుడు నాన్న కొట్లో మిషను తిప్పుతూ నీకు పని చెబుతుంటే, వెనక గదిలో గుడ్డపీలికల మూట మీద నేను పడుకునేదాన్ని. నీకప్పుడు కొత్తగా పెళ్ళయింది, ప్రతిదానికీ "ఎందుకు మామయ్యా" అని అడిగేదానివి. ఆయన చెప్పేవాడు. మీరిద్దరూ మాట్లాడుకుంటున్నారంటే లోకంలో అంతా సవ్యంగా ఉన్నట్టు నాకు. లాడ్జిలో నీ గొంతు వినగానే అదే అయింది. ఏం చేయను, నా కళ్ళు నా మాట వినలేదు.

మిగిలిన పన్నెండు రోగాలూ చెప్పు వదినా. సుత్తి తీసెయ్. అరవై మంది ఉంటే అరవై మందికే చెప్పు. నేను రోజూ పొద్దున్నే వాన కొలిచి లెక్క పంపుతాను, దాన్ని ఎవరు చదువుతారో నాకూ తెలీదు. చదివేవాళ్ళు లేరని వాన కొలవడం మానేస్తే పెద్దాయన నన్ను సముద్రంలోకి తోసేస్తారు.

అన్నయ్యని క్షమించు. ఆయన వంట ఆయనే తింటే చాలా పెద్ద శిక్ష.

ఎప్పటికీ నీ ఆడపడుచు


ఆగస్టు 12

మా ఇంటి ఆడపడుచుకి,

వదిన దీవెనలు. నువ్వు అనే రాస్తున్నాను, చూసుకో. నీ మీద కోపం జూలైలోనే పోయింది. రాయకపోవడానికి కారణం వేరే ఉంది, చెబుతాను.

నీ ఉత్తరం వచ్చిన మూడో రోజున ఒకావిడ కొట్టుకి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, కళ్ళ కింద నల్లగా పడి, మనిషి తూలుతోంది. వీడియోలో వెనకాల కనిపించే బోర్డు ఆనవాలు పట్టుకుని, రెండు బస్సులు మారి వెతుక్కుంటూ వచ్చిందట. పరుపుల కంపెనీలో రాత్రి డ్యూటీ, పరుపుల అంచులు కుడుతుంది. పగలు పడుకోవాలి. మూడు నెలలపాటు రోజూ నా వీడియోలు పెట్టుకుని పడుకుందట.

ఆవిడ వచ్చింది పోట్లాటకి. "మీరు సుత్తి కొట్టినప్పటినుంచి పాతవి పెట్టుకున్నా గుండె దడే. ఎప్పుడు కొడతారోనని మెలకువగా ఉంటున్నా. నా నిద్ర నాకిచ్చెయ్యండి" అని గుమ్మంలో నిలబడి కేకలేసింది. నేనూ తగ్గలేదు. "నేనేమన్నా నిద్ర అమ్ముకుంటున్నానా" అన్నాను. లోపల మీ అన్నయ్య, గొడవలో తలదూర్చడం ఇష్టంలేక, రిపేరుకొచ్చిన మిషనొకటి ఊరికే తిప్పుతున్నారు. ఆవిడ కేకల మధ్యలో టక్కున ఆగిపోయి చెవి అటు పెట్టింది.

"ఆ మిషను షటిల్ దారాన్ని ఆలస్యంగా అందుకుంటోంది" అంది.

నేను నోరు తెరిచాను, ఈసారి ఫోటో కోసం కాదు. ఆ మిషను రోగం సరిగ్గా అదే. "నీకెలా తెలుసు" అంటే, ఆవిడకే తెలీదు. "మీ వీడియోల్లో మోత అలా ఉండదు కదా" అంది. మూడు మిషన్లు వరసగా పెట్టి, కళ్ళు మూసుకోమని ఒక్కొక్కటీ తిప్పాను. ఒకదానికి పట్టా వదులంది, ఒకదాని కింద దూది పేరుకుందంది, మూడోదానికి ఏ రోగమూ లేదంది. మూడూ నిజం. కంపెనీలో కూడా రెండు నెలలుగా పక్కవాళ్ళ మిషన్లు ఆవిడే సరిచేస్తోందట. ఏదో చేతికి తోచినట్టు చేస్తున్నాననుకుంది. నేను చెప్పింది నిద్రలో చెవిన పడి లోపల పాతుకుపోయిందని ఆవిడకీ తెలీదు, నాకూ తెలీదు.

వెంటనే నేర్చుకోమన్నాను. సరే అంది. సంతోషం పట్టలేక అక్కడే మొదలుపెట్టాను. "చూడమ్మా, షటిల్ అంటే" అన్నానో లేదో స్టూలు మీదే పడుకుంది.

అదే వచ్చిన చిక్కు. నాకు దొరికిన ఒకే ఒక్క శిష్యురాలు నేను నోరు విప్పితే నిద్రపోతుంది. నీళ్ళు చల్లాం, నిలబెట్టాం, మీ అన్నయ్య గొంతుతో చెప్పించాం. ఆయన చెబితే నిద్ర రాదు గానీ అందులో విషయం కూడా ఉండదు. చివరికి నేనే నోరు కట్టేసుకున్నాను. అందుకే నీకు రాయలేదు. ఉత్తరం రాస్తుంటే నాకు మాటలు ఊరతాయి, ఊరితే ఆపుకోలేను.

మొదటి రెండు రోజులూ ప్రాణం పోయినట్టుంది. ముప్పై ఏళ్ళలో నేను ఇంతసేపు మౌనంగా ఉన్నది లేదు. మీ అన్నయ్య ముఖం వెలిగిపోయింది, దగ్గు కూడా తగ్గింది. మాట లేకపోయేసరికి ఆవిడ నా చేతుల్నే చూడటం మొదలుపెట్టింది. నా మణికట్టు నొప్పికి చెయ్యి ఆగితే, మిగతాది తను పూర్తిచేసేది. పదిహేను రోజులకి పాడైపోయిన మిషనొకటి మొత్తం విప్పి, కడిగి, బిగించి, నా ముందు తిప్పింది. ఏ వంకా లేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూ కూడా మాట్లాడకూడదని గుర్తుపెట్టుకున్నాను.

మిగిలిన పన్నెండు రోగాలూ వీడియోలు తీసి పెట్టేశాను. మాటా లేదు, సుత్తీ లేదు, చేతులే. చూసేవాళ్ళు రెండు వందలమంది కూడా లేరు. అల్గారిథానికి నా మీద కోపం తగ్గలేదు, ఇప్పుడు నన్ను సుత్తులు కొనేవాళ్ళకి చూపిస్తోంది. చూపించుకోనీ.

నిన్న సాయంత్రం పనయ్యాక ఆవిడ చేతులు కడుక్కుని, కొట్లో బల్ల మీద పడుకుని, "డ్యూటీకి ఇంకా గంటన్నర ఉంది. ఇప్పుడు మాట్లాడండక్కా" అంది. పదిహేను రోజుల మాటలు నా గొంతులో అలాగే ఉన్నాయి. మొదటి రోగం దగ్గర్నుంచి మొదలుపెట్టాను. నాలుగో నిమిషానికి ఆవిడకి గుర్రు వచ్చింది. నేను ఆపలేదు, చెబుతూనే ఉన్నాను. చెప్పీ చెప్పీ అలసటలో ఒకచోట తడబడి, సూది పూర్తిగా కిందికి దిగగానే షటిల్ ముక్కు దారాన్ని అందుకోవాలి అన్నాను.

ఆవిడ కళ్ళు తెరవలేదు. అటు తిరిగి పడుకుంటూ, "దిగగానే కాదక్కా, కొంచెం పైకి లేచాక" అంది.

నేను దిద్దుకుని, అక్కణ్ణించి మళ్ళీ చెప్పాను.

నీ వదిన